వరదకు లెక్క కట్టిన మోక్షగుండం

చిక్కబళ్లాపురం నుంచి నంది కొండ వైపు వెళ్తే ముద్దేనహళ్లి వస్తుంది. ఊరు కన్నడ సీమలోదే అయినా, అక్కడ పుట్టిన పెద్దాయన ఇంటిపేరు మాత్రం గిద్దలూరు ప్రాంతంలోని ఓ పల్లెది. మోక్షగుండం అనే ఆ ఊరి నుంచి పూర్వీకులు ఇటు వలస వచ్చారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. మనలో చాలామంది ఇళ్లలాగే. అలాంటి ఇంట్లో 1861లో విశ్వేశ్వరయ్య పుట్టారు.

తండ్రి శ్రీనివాసశాస్త్రి కొడుకు చదువుకునే వయసులోనే పోయారు. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగళూరు సెంట్రల్ కాలేజీలో 1881లో బీఏ పూర్తిచేశారు. మైసూరు సర్కారు సాయంతో పుణెలో ఇంజినీరింగ్ చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు.

అప్పట్లో ఇంజినీరు చేతిలో ఉండేవి గొలుసు, లెవెలింగ్ పరికరం, లాగరిథమ్ పట్టికలు, డ్రాయింగ్ కాగితం. కంప్యూటర్ అన్న మాటే లేదు. ఒక లెక్క తప్పితే కట్ట తెగుతుంది. కట్ట తెగితే కింద ఉన్న ఊళ్లు పోతాయి.

పుణె దగ్గరి ఖడక్‌వాస్లా చెరువులో వానాకాలం నీళ్లు అలుగు మీదుగా వృథాగా పోయేవి. కట్ట ఎత్తు పెంచితే పాత గోడ ఆ బరువు మోయగలదా అన్న భయం. విశ్వేశ్వరయ్య కట్టను ముట్టుకోలేదు, అలుగు మీద గేట్లు పెట్టారు. గేట్లకు ఎదురు బరువులు కట్టి బావుల్లోకి వేలాడదీశారు. చెరువు నిండు మట్టం దాటగానే నీళ్లు ఆ బావుల్లోకి పోతాయి. నీళ్లలో బరువులు తేలికపడి గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయి. మట్టం తగ్గితే మళ్లీ మూసుకుంటాయి. మనిషి అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. 1903లో బిగించిన ఈ గేట్లతో సుమారు 8 అడుగుల నీళ్లు అదనంగా నిలిచాయి. రైలు చప్పుడు విని పట్టా విరిగిందని కనిపెట్టాడంటూ ఆయన మీద కథలు బోలెడు చెప్పుకుంటారు గానీ, నాకైతే ఈ గేట్ల ముందు అవన్నీ చప్పగా అనిపిస్తాయి.

మూసీ మిగిల్చిన ప్రశ్న

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచేసింది. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం మరుసటి ఏడాది విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన ముందు వాన లెక్కలు తీశారు. శంషాబాద్‌లో ఒక్క రోజులో 12.8 అంగుళాలు కురిసింది. తర్వాత ఎగువన చెరువులు లెక్కపెట్టించారు. మొత్తం 788 ఉంటే వాటిలో 221 తెగిపోయాయి. అంటే నగరం మీద పడింది వాన నీళ్లే కాదు, ఒకదాని వెంట ఒకటి తెగిన చెరువుల నీళ్లు కూడా.

గోడలు కట్టి వరదను నగరం పక్కనుంచి పంపేస్తే చాలదని, ఊరికి ఎగువనే ఆపి మెల్లగా వదలాలని ఆయన తేల్చారు. అందుకు మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయం కావాలన్నారు. అవే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. ఆ తర్వాత నగరం తాగింది కూడా ఆ నీళ్లే.

కన్నంబాడి కట్ట

1909 చివర్లో మైసూరు చీఫ్ ఇంజినీరు అయ్యారు. 1911లో కావేరి మీద కృష్ణరాజసాగర్ మొదలైంది. దిగువనున్న మద్రాసు ఒప్పుకోలేదు. కేంద్రంలోని బ్రిటిష్ సర్కారు 80 అడుగుల చిన్న కట్టకే అనుమతి ఇచ్చింది. మైసూరు మాత్రం 124 అడుగులకు సరిపోయే పునాదే వేసేసింది. ఇది ధైర్యమా, మొండితనమా అన్నది కావేరికి ఏ ఒడ్డున నిలబడి చూస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. హోసూరులో ఒక మాట వినిపిస్తుంది, మండ్యలో ఇంకో మాట. పంచాయితీ 1924 ఒప్పందం దాకా సాగింది.

గోడకు సిమెంటు బదులు సుర్కి వాడారు. అంటే సున్నంలో ఇటుక పొడి కలిపిన గార. పది వేల మంది దాకా కూలీలు పనిచేశారు. పాత కన్నంబాడి ఊరు, వేణుగోపాలస్వామి గుడి నీళ్లలో మునిగాయి. విశ్వేశ్వరయ్య ఒక్కడే కట్టాడని చెప్పుకోవడం మాత్రం న్యాయం కాదు. 1912లో దివాన్ అయిన ఆయన 1918లోనే ఆ పదవి వదిలేశారు. కట్ట పూర్తయ్యేసరికి 1931 దాటింది. వెనుకబడిన కులాలకు ఉద్యోగాల్లో వాటా ఇవ్వాలన్న మహారాజుతో ఆయనకు పొసగలేదు. ఆ విషయంలో మహారాజు వైపే న్యాయం ఉందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లది కొట్టిపారేసే మాట కాదు.

1955లో భారతరత్న వచ్చింది. అంతకుముందే, తొంభై దాటిన వయసులో, గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలో చూడ్డానికి బీహార్ వెళ్లారు. 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు. సమాధి ముద్దేనహళ్లిలోనే ఉంది. పుట్టిన ఇల్లు పక్కనే, ఇప్పుడది మ్యూజియం.