దోమకు ఒక అణా

1857 మే 10న మీరట్‌లో సిపాయిలు తిరుగుబాటు చేశారు. మూడు దినాల పిదప అల్మోరాలో ఒక సైనికాధికారి ఇంట రోనాల్డ్ రాస్ జన్మించాడు. బాల్యం నుండి అతని మనసు కవిత్వం మీద, చిత్రలేఖనం మీద ఉండేది. తండ్రి పట్టుబట్టి వైద్యం చదివించాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరినా నవలా రచన మానలేదు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ మలేరియా క్రిములను సూక్ష్మదర్శినిలో చూపి, దోమను అనుమానించమన్నప్పుడు గాని అతని జీవితానికి గురి కుదరలేదు.

మరుసటి ఏడు రాస్ సికిందరాబాదు దండుకు వచ్చాడు. ప్రయోగాలు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. పాతనగరానికి ఎదురుగా, మూసీ ఆవలి గట్టున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని నడిపిన ఎడ్వర్డ్ లారీ 1888, 1889 సంవత్సరాలలో వందలాది కుక్కలకు, కోతులకు క్లోరోఫారం ఇచ్చి పరీక్షించాడు. నిజాం వేయి పౌనులు విరాళమిచ్చాడు. జంతువులపై ప్రయోగాలకు ఇంగ్లండులో 1876 నుండి అనుమతిపత్రం కావాలి. ఇక్కడ ఆ చట్టం లేదు. ఈ మందు గుండెను నేరుగా ఆపదని లారీ తేల్చాడు. అది పొరపాటని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు.

రాస్ చేతికి చిక్కినవారు మనుషులు. దోమ చచ్చిపడిన నీరు త్రాగితే చలిజ్వరం వస్తుందని మాన్సన్ ఊహ. 1895 మేలో రాస్ అట్టి నీటిని లచ్మన్ అనే ఆరోగ్యవంతుడైన యువకుని చేత త్రాగించాడు. కొన్నాళ్ళకు అతనికి జ్వరం తగిలింది, తగ్గింది. ఊహ తప్పు. కాని అది నిజమైవుంటే? ఆ యువకుని ఆరోగ్యమే అక్కడ పందెమయింది.

హుస్సేన్ ఖాన్ సంగతి వేరు. అతడు అప్పటికే మలేరియా రోగి. 1897 ఆగస్టులో బేగంపేట ఆసుపత్రిలో దోమతెరలో అతన్ని పరుండబెట్టి, కుట్టిన దోమకు ఒక అణా వంతున రాస్ చెల్లించాడు. ఆ నెల 20న, మచ్చల రెక్కల దోమ కడుపు గోడలో నల్లని రంగు కణాలు గల క్రిములు కనిపించాయి. మరుసటి ఏడు కలకత్తాలో పక్షులపై పరిశోధన పూర్తయింది. 1902లో నోబెల్ బహుమానం లభించింది. 1932లో రాస్ మరణించాడు.

ఆనాడు అతడు ఏ నిబంధననూ ఉల్లంఘించలేదు. ఉల్లంఘించడానికి నిబంధనే లేదు. పరిశోధనకు లోబడేవాని స్వేచ్ఛాంగీకారం తప్పనిసరి అన్న సూత్రం 1947లో న్యూరెంబర్గ్ తీర్పులో వెలువడింది. మన వైద్య పరిశోధనా మండలి 1980లో తన విధానాన్ని ప్రకటించింది. ప్రతిఫలం పేదవానికి ప్రలోభం కారాదన్నది నేటి నియమం. దండు వైద్యుని ఎదుట మంచాన పడిన రోగికి కాదనే స్వేచ్ఛ ఎంత? అణా విలువ కంటె ఈ ప్రశ్నే బరువైనది.

అమితవ్ ఘోష్ నవల ‘ది కలకత్తా క్రోమోజోమ్’ దీనిని తలక్రిందులు చేసింది. విజ్ఞాన కల్పనకిచ్చే ఆర్థర్ సి. క్లార్క్ బహుమానం 1997లో దానికి దక్కింది. అందులో లచ్మన్, మంగళ అనే పనివారు తమ రహస్య ప్రయోగం కోసం రాస్‌ను నడిపిస్తారు. ప్రయోగం ఎవరిపై జరుగుతున్నదో రాస్‌కే తెలియదు; అతని అంగీకారం ఎవరూ అడగరు.