మట్టిలో దొరికిన మందు: ఎల్లాప్రగడ సుబ్బారావు

బారువ లాంటి తీరప్రాంత ఊళ్లలో పెరిగినవాళ్లకి బోదకాలు మాత్రలు గుర్తుండే ఉంటాయి. ఆరోగ్య సిబ్బంది వచ్చి, ఎదుటే మింగించి వెళ్లేవారు. అందులోని డీఈసీ మందు వెనక ఉన్నది మన తెలుగాయనే!

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు (బ్యాక్‌లాగ్స్ ఉన్న మిత్రులు గమనించగలరు). ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

1920ల్లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ ల్యాబ్స్‌లో చేరారు.

ఆయన నాయకత్వంలోనే ఫోలిక్ యాసిడ్‌ తయారైంది, డీఈసీ వచ్చింది. ఇంకోపక్క మట్టి వేట సాగింది. ఎక్కడెక్కడి మట్టో తెప్పించి, అందులోని సూక్ష్మజీవుల్ని పెంచి చూసేవారు. మిస్సోరీ యూనివర్సిటీ పొలం మట్టిలో బెంజమిన్ డగ్గర్‌కి బంగారు రంగు బాక్టీరియా దొరికింది. దాన్నుంచి వచ్చిందే ఆరియోమైసిన్, మొట్టమొదటి టెట్రాసైక్లిన్. 1948 జూలైలో లోకానికి చెప్పారు. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53.

స్ప్రూకి నేటికీ ఇచ్చే మందులు ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. రెండూ ఆయన ల్యాబ్‌ నుంచే వచ్చాయి. అన్నదమ్ములకి మాత్రం అందలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. మట్టిలో మందు తయారుచేసే బాక్టీరియా ఉన్నప్పుడు, దాన్ని తట్టుకునే పొరుగు బాక్టీరియా కూడా ఉంటుంది కదా. ఆ తట్టుకునే జన్యువులు చాలాసార్లు ప్లాస్మిడ్ల మీద ఉంటాయి. ప్లాస్మిడ్ అంటే క్రోమోజోమ్‌కి వేరుగా ఉండే చిన్న గుండ్రటి డీఎన్ఏ. మనం పెన్‌డ్రైవ్ చేతులు మార్చినట్టు, చుట్టరికం లేని బాక్టీరియా కూడా దీన్ని ఒకదానికొకటి అందించుకుంటాయి. ఈ పేరు పెట్టింది 1952లో, సుబ్బారావు పోయిన నాలుగేళ్లకి. ఆ దశాబ్దంలోనే జపాన్‌లో జిగట విరేచనాల బాక్టీరియా టెట్రాసైక్లిన్‌తో సహా నాలుగు మందులకి ఒకేసారి లొంగకుండా పోయింది. కారణం ప్లాస్మిడ్లే.

బారువ కొబ్బరితోటలో గుప్పెడు మట్టి తీసినా ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు జరుగుతూనే ఉంటాయి. డాక్టర్ రాయని యాంటీబయాటిక్ వేసుకుని, మిగిలినవి పెరట్లో పారేస్తే, తట్టుకునే రకాలే మిగిలి పెరుగుతాయి. సుబ్బారావు బృందం మట్టిలోంచి తీసిన మందుని మనమే మట్టిపాలు చేసినట్టవుతుంది.