కాటన్ దొర

ద్వారకా తిరుమల మెట్టసీమలోనిది. కొండ దిగి దక్షిణముగా భీమడోలు చేరినచో నేల పల్లమగును, గోదావరి కాలువ ఎదురగును. ఆ కాలువ విజ్జేశ్వరము వద్ద నదిని విడిచి, నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరు చేరును. దానికి దిగువన వరిచేలు, వాని చివర కొల్లేరు. ఈ కాలువ లేని కాలమున ఈ ప్రాంతము ఎట్లుండెనో తెలిసినగాని సర్ ఆర్థర్ కాటన్ చేసిన పని విలువ తెలియదు.

1832-33 నందన నామ సంవత్సరము. వానలు లేక తెలుగు జిల్లాలు క్షామమున పడెను. 1839లో కోరంగి తీరమున తుపాను విరుచుకొనిపడెను. 1821లో రాజమహేంద్రవరము జిల్లాలో 7 లక్షల 38 వేలమంది ఉండగా, 1841 నాటికి 5 లక్షల 61 వేలమంది మాత్రమే మిగిలిరి. కొందరు మరణించిరి, కొందరు ఊళ్లు విడిచిరి. ఇంత జరుగుచుండగా గోదావరి నిండుగా ప్రవహించి, ఒడ్డునున్న చేలను తడుపకయే సముద్రమున కలియుచుండెను.

ఇంగ్లండులో 1803వ సంవత్సరము మే 15వ తేదీన జన్మించిన కాటన్, పదకొండుమంది అన్నదమ్ములలో పదవవాడు. ఇంజనీరు విద్య నేర్చి, పదునెనిమిదేండ్ల ప్రాయముననే 1821లో మదరాసు చేరెను. కొంతకాలమునకు కావేరి కాలువల పని అతని వంతు వచ్చెను. అచ్చట పూర్వము చోళరాజులు కట్టించిన కల్లణై ఆనకట్టను అతడు శ్రద్ధతో పరిశీలించెను. లోతు తెలియని ఇసుకపై రాళ్లు వేయుచు, అవి క్రుంగినకొలది మరల వేయుచు, పునాది నిలుకడ చెందువరకు ఓర్పుతో కట్టిన కట్టడమది. ఇసుకలో పునాది వేయు విద్యను ఆ పూర్వుల వలననే నేర్చితిమని కాటన్ దాపరికము లేక ఒప్పుకొనెను. పాలకులుగా వచ్చిన దొరలలో ఇట్టి వినయము అరుదు.

1844లో అతడు గోదావరిని పరీక్షించి, ధవళేశ్వరము వద్ద ఆనకట్ట కట్టవలయునని ప్రభుత్వమునకు నివేదించెను. 1847లో పని ప్రారంభమయ్యెను. లంకల నడుమ నది నాలుగు పాయలగుచోటు అది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా దాదాపు 12 వేల అడుగుల పొడవున గోడ కట్టవలసియుండెను. దాని ఎత్తు 12 అడుగులే. నీటిని నిలువచేయుట దాని పని కాదు. మట్టము పెంచి కాలువలలోనికి మళ్లించుటయే.

అంత పనికి చేతులెక్కడివి? అడిగినంతమంది ఇంజనీర్లను, తాపీపనివారిని ప్రభుత్వము ఇయ్యలేదు. వరదలు తీసిన పిదప, మరల ఏరు వచ్చులోపల, ఆ కొద్ది నెలలలోనే పని సాగవలయును. అప్పుడు ఆదుకొన్నవాడు వీణం వీరన్న. కాటన్ క్రింద పనిచేసిన ఈ తెలుగు ఉద్యోగి వేలకొలది కూలీలను కూడగట్టి, పని ఆగకుండ నడిపించెను. ధవళేశ్వరము కొండలలో రాయి కొట్టువారు, పట్టాలపై బండ్లు త్రోయువారు, సున్నము కాల్చువారు, తట్టలతో ఇసుక మోయు ఆడువారు అందరును చేరిరి. వారి పేర్లను ఏ శాసనమును చెక్కలేదు. వీరన్న సహాయమును మాత్రము కాటన్ తన వ్రాతలలో కొనియాడెను.

1848లో కాటన్ ఆరోగ్యము చెడెను. పనిని కెప్టెన్ ఓర్ చేతిలో పెట్టి ఆస్ట్రేలియాకు వెళ్లి, 1850లో తిరిగివచ్చెను. నడుమ వరదకు కట్టలో కొంత తెగినను, పని మానలేదు. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను.

కాలువ త్రవ్వినంతనే సరిపోదు; ఏటేట పూడిక తీయవలయును, గండి పడినచో పూడ్చవలయును. చెరువులను, పంటకాలువలను ఊరివారే కూడి బాగుచేసికొను ఆచారము ఈ దేశమున పూర్వమునుండియు కలదు. దానిని కుడిమరామతు అందురు. వరద సమయమున గ్రామస్థులను గట్టు కాపుదలకు పిలుచు అధికారమును 1858లో చట్టము ద్వారా ఇచ్చిరి. ఐనను రైతును గట్టుపైకి రప్పించినది చట్టము కంటె, తన చేను నీట మునుగునను భయమే యనుట న్యాయము.

కాటన్ పనికి కొఱతయు లేకపోలేదు. మెట్టకు కాలువనీరు ఎక్కలేదు. ద్వారకా తిరుమల చుట్టుప్రక్కల ఊళ్లకు చెరువులే దిక్కయ్యెను. చేలకు నీరు పెట్టుటయందు చూపిన శ్రద్ధ, మిగులు నీటిని పంపుటయందు చాలకాలము కనబడలేదు. మెట్టలో కురిసిన వాన తమ్మిలేరు వెంట దిగి, పొలముల మురుగుతో కలిసి కొల్లేరు చేరును. అచ్చటనుండి సముద్రమునకు త్రోవ ఉప్పుటేరు ఒక్కటియే. ఎగువవారు, దిగువవారు కలిసి చూచుకొనవలసిన నీరు అది.

1861లో కాటన్‌కు సర్ బిరుదము లభించెను. రైళ్లకంటె కాలువలే ఈ దేశమునకు మేలని అతడు వాదించెను. 1878లో పార్లమెంటు సంఘము ఎదుట ఆ వాదన నెగ్గలేదు. 1899 జూలై 24న, తొంబదియారేండ్ల వయస్సున, ఇంగ్లండులోని డోర్కింగులో మరణించెను. పాత ఆనకట్టకు బదులుగా కట్టిన క్రొత్త బ్యారేజి 1982లో పూర్తియయ్యెను. దానికి అతని పేరే పెట్టిరి. గోదావరిలో స్నానమాడువేళ సంకల్పమునందు కాటన్‌ను తలచుకొను పురోహితులు ఆ తీరమున కలరు.