జీపులో భూప్రదక్షిణము

తల్లిదండ్రుల చుట్టు తిరిగి లోకమంతయు చుట్టివచ్చిన ఫలమును పొందిన విఘ్నేశ్వరుని కథ మనకు బాల్యమునుండియు పరిచితమే. నెమలి నెక్కి నిజముగా లోకములు తిరిగి వచ్చిన కుమారస్వామి శ్రమను మాత్రము మన మంతగా తలపము. ఇరువదవ శతాబ్దమున అట్టి శ్రమకు పూనుకొన్నవాడు బెన్ కార్లిన్. ఆయన వాహనము సైన్యము వాడి విడిచిన ఒక పాత జీపు.

కార్లిన్ 1912లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని నార్థమ్ పట్టణమున జన్మించెను. గనుల ఇంజనీరు. రెండవ ప్రపంచయుద్ధకాలమున భారతసైన్యపు ఇంజనీరింగు శాఖలో పనిచేసెను. 1946లో వంగదేశమందలి కలైకుండ విమానస్థావరమున ఆయన కంట నొక వింతబండి పడెను. నేలపై చక్రములతోను, నీటిపై మరచక్రముతోను నడచు ఉభయచరమగు జీపది. యుద్ధమున నదులు, సరస్సులు దాటుటకై ఫోర్డు కంపెనీ దానిని నిర్మించెను, మహాసముద్రములకు గాదు. దీనితో ప్రపంచమును చుట్టిరావచ్చునని కార్లిన్ అనగా, ప్రక్కనున్న వైమానికాధికారి అది వట్టి వెఱ్ఱి యని కొట్టివేసెను. ఆ వెఱ్ఱియే ఆయన జీవితమున తరువాతి పండ్రెండేండ్లను మ్రింగివేసెను.

1947లో అమెరికా ప్రభుత్వము మిగులు సైనిక సామగ్రిని వేలము వేయగా అట్టి బండి నొకదానిని 901 డాలర్లకు కొనెను. దాని పొడవు సుమారు 15 అడుగులు. పైన గదివంటి కప్పు కట్టి, అదనముగా ఇంధనపు తొట్లను అమర్చి, దానికి ‘హాఫ్ సేఫ్’ అని పేరు పెట్టెను. సగము క్షేమమని ఆ మాటకు అర్థము. ఒక వ్యాపారప్రకటననుండి వేడుకకై తీసికొన్న పేరది. 1948లో పెండ్లాడిన అమెరికను వనిత ఎలినోర్ ఆయన వెంట బయలుదేరెను. ఆమెకు సముద్రయానము సరిపడదు. ఐనను ఆ ఇరుకు పెట్టెలో వాంతులకు ఓర్చి భర్త ప్రక్కనే కూర్చుండెను.

తొలి ప్రయత్నములు విఫలములయ్యెను. ఒకమారు నడిసముద్రమున బండి చెడిపోగా, దారిని పోవు నూనె ఓడ వారిని రక్షించెను. 1950 జూలైలో కెనడాయందలి హాలిఫాక్సునుండి మరల బయలుదేరి, దాదాపొక నెలకు ఏజోర్సు దీవులు చేరిరి. అటనుండి మదీరా మీదుగా తుపానుకు చిక్కియు తప్పించుకొని, 1951లో ఆఫ్రికా తీరము నెక్కిరి. ఇంగ్లండు చేరిన పిదప ప్రయాణము మూడేండ్లకు పైగా ఆగిపోయెను. ఆ తొలి యాత్రాకథ 1955లో గ్రంథముగా వెలువడెను.

ఆ యేడే తిరిగి కదలి, ఐరోపా, టర్కీ, ఇరాను దాటి, భార్యాభర్తలు కలకత్తా చేరిరి. ఆ మీదట ఎలినోర్ ఇక చాలునని విరమించెను. దాంపత్యము విచ్ఛిన్నమయ్యెను. జపాను వరకు ఒక ఆస్ట్రేలియను యువకుడు, అచటినుండి అలాస్కా దాక ఒక అమెరికనుడు కార్లినుకు తోడు వచ్చిరి. ఆయన కోపస్వభావము, ఆ ఇరుకు గది, దినములకొలది వీడని కెరటముల ఊపు. ఇవి చేరినచోట స్నేహము నిలుచునా? 1958 మే నెలలో మాంట్రియల్ చేరుటతో ప్రదక్షిణము పూర్తియయ్యెను. నేలపై సుమారు 62,000 కిలోమీటర్లు, నీటిపై 17,000 కిలోమీటర్లు సాగిన యాత్ర అది.

కార్లిన్ 1981లో పెర్తు నగరమున మరణించెను. మిగిలిన సగము కథ ఆయన పోయిన పిదప 1989లో అచ్చయ్యెను. ఆయన జీపును ఆయన చదివిన గిల్డ్‌ఫర్డు పాఠశాలలో భద్రపరచిరి.

కుమారస్వామి తిరిగివచ్చునప్పటికి గణాధిపత్యము అన్నగారిదయ్యెను. కార్లిన్ గమ్యము చేరునప్పటికి, అట్లాంటికు కెరటములలో ప్రక్కన కూర్చున్న ఇల్లాలు దూరమయ్యెను. పట్టుదల మానవుని ఎంత దూరమైన కొనిపోగలదు; వెంట నున్నవారిని కూడ గమ్యము చేర్చుట పట్టుదల యొక్కదానిచే కాదు. వేడుకకు పెట్టిన ఆ పేరు బండికంటె ఆయన బ్రతుకునకే చక్కగా అమరెను.