గమకాలకు గుర్తులు పెట్టిన సుబ్బరామ దీక్షితులు

కొయ్యూరు: భజన జరిగేచోట హార్మోనియం పెట్టె తెలియనివారు ఉండరు. అందులో ఒక స్థాయికి మెట్లు పన్నెండే. వాటిని సమానమైన ఎడంతో శ్రుతి చేస్తారు. గాయకుని గొంతు మాత్రం మెట్టుకూ మెట్టుకూ నడుమ జారుతుంది, ఊగుతుంది. ఆ ఊపే గమకం. అది మెట్ల మీద పలకదు. ఇటువంటి లోటులే కారణంగా ఆకాశవాణి 1940లో హార్మోనియంను నిషేధించింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు.

పెట్టెకు అందని ఆ గమకాన్ని కాగితం మీదికి తెచ్చినవారు సుబ్బరామ దీక్షితులు. ఆయన 1839లో జన్మించారు. తల్లికి తండ్రి అయిన బాలుస్వామి దీక్షితులు ఆయనను దత్తత చేసుకుని, ఎట్టయపురం సంస్థానంలో పెంచారు. కర్ణాటక సంగీతానికి ఫిడేలును అలవరచిన బాలుస్వామి, ముత్తుస్వామి దీక్షితులకు తమ్ముడు. సుబ్బరామ దీక్షితులు వీణ అభ్యసించి, ఆ సంస్థానంలోనే ఆస్థాన విద్వాంసులయ్యారు.

ముత్తుస్వామి 1835లో కన్నుమూశారు. ఆయన కృతులు ఇంటివారి నోట, శిష్యుల నోట మిగిలాయి. పాడేవారు పోతే పాటా పోతుంది. అయినా విద్యను ఇంటి సొత్తుగా దాచుకోవడమే ఆనాటి వాడుక.

మద్రాసులో ప్రభుత్వోద్యోగి ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారు మన పాటలను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయించసాగారు. తన ఆరోగ్యం క్షీణించగా, దీక్షితుల విద్యను గ్రంథస్థం చేయించమని ఎట్టయపురం రాజును వేడుకున్నారు. రాజు కోరికపై దీక్షితులు అరవై దాటిన వయసులో పనికి పూనుకున్నారు.

1904లో సంస్థానం అచ్చుకూటంలో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వెలువడింది. అది తెలుగు గ్రంథం. 72 మేళాల వరుసలో రాగలక్షణాలు, ముత్తుస్వామి కృతులు రెండు వందలకు పైగా అందులో ఉన్నాయి. స్వరాక్షరానికి అలలాంటి గీత ఉంటే కంపితం, ఏటవాలు గీత ఉంటే జారు. ఇలా ఒక్కొక్క గమకానికి ఒక్కొక్క గుర్తు. ఎక్కడ ఊపాలో గుర్తు చెబుతుంది. ఎంత ఊపాలో గురువు చెప్పాలి.

రెండేళ్లకు, 1906లో, దీక్షితులు కాలధర్మం చెందారు. ఆలస్యమై ఉంటే ఆ ఇంటి విద్యలో ఎంతో భాగం ఆయనతోనే పోయేది. మద్రాసు సంగీత అకాడమీ 1961 నుంచి ఆ గ్రంథాన్ని తమిళ లిపిలోనూ ప్రచురించింది.

మన్యంలో థింసా పాటలూ నోటి నుంచి నోటికి వచ్చినవే. తుడుము దరువు, జోడుకొమ్ముల పలుకు తెలిసిన పెద్దలు ఉండగానే వాటిని రాసి పెట్టుకోవాలని దీక్షితుల జీవితం చెబుతోంది.