శలభాల జాడ వెదకిన ఉపాధ్యాయుడు – హెన్రీ ఫాబ్రే

మన కంటికి కనబడనిది, మన ముక్కుకు అందనిది లోకంలో లేనేలేదని భావించడం మనకు అలవాటు. ఆ భ్రమను తొలగించిన మహనీయులలో జాన్ హెన్రీ ఫాబ్రే ఒకడు.

దక్షిణ ఫ్రాన్సులోని సేంట్ లియోన్ గ్రామంలో 1823 డిసెంబరు 21న ఆయన జన్మించాడు. దారిద్ర్యం వల్ల చిన్ననాడే ఇల్లు విడిచి, సంతలో నిమ్మపండ్లు అమ్మి పొట్టపోసుకున్నాడు. అవిన్యాన్ పట్టణంలో విద్యార్థివేతనంతో శిక్షణ పొంది ఉపాధ్యాయుడయ్యాడు. పైచదువులు చాలావరకు స్వయంకృషితోనే సాధించాడు. బాలికలకు పుష్పాల ఫలదీకరణను గురించి బోధించినందుకు ఛాందసుల ఆగ్రహానికి గురై ఉద్యోగాన్నీ, అద్దె యింటినీ కోల్పోయాడు. అయినా అధైర్యపడలేదు. పాఠ్యపుస్తకాలు వ్రాసి కూడబెట్టిన సొమ్ముతో 1879లో సెరిన్యాన్ గ్రామంలో రాళ్లూ ముళ్లూ నిండిన బీడు నొకదానిని కొన్నాడు. అదే ఆయన ప్రయోగశాల.

అక్కడ ఒక మే నెల ఉదయం గూటి నుండి పెద్ద ఆడ శలభం వెలువడగా, దానిని తీగజాలి క్రింద ఉంచాడు. ఆ రాత్రి చిమ్మచీకటిలో సుమారు 40 మగ శలభాలు ఆ యింటిని ముట్టడించాయి. అంత చీకటిలో చూపు పనిచేయదు. మన ముక్కుకా ఏ వాసనా తగలదు. మరి ఆ కబురు వాటి కెట్లా అందింది? ఫాబ్రే ఏళ్ల తరబడి పరీక్షించాడు. చుట్టూ కలరా ఉండలు పెట్టినా మగవి దారి తప్పలేదు. ఆడదానిని గాలి చొరని పెట్టెలో మూస్తే ఒక్కటీ రాలేదు. మరొక జాతి శలభాన్ని గాజుపాత్రలో కనబడేటట్లు ఉంచితే, మగవి దానిని విడిచి, అంతకుముందు అది వాలిన కొమ్మ చుట్టూ మూగాయి.

వాసనయే కారణమని ఆయనకు తోచింది. కాని అంత సూక్ష్మమైన వాసన అంత దూరం ఎట్లా వ్యాపిస్తుందో బోధపడక, తరంగాల వంటిదేదో ఉండవచ్చునని కూడ ఊహించాడు. ఆ ఊహ నిలువలేదు, ప్రయోగాలు నిలిచాయి. 1915 అక్టోబరు 11న ఆయన కన్నుమూశాడు.

1959లో జర్మనీ శాస్త్రజ్ఞుడు బ్యూటెనాండ్ట్, ఆయన సహచరులు సుమారు 5 లక్షల ఆడ పట్టుశలభాల నుండి బాంబికాల్ అనే ఆకర్షక పదార్థాన్ని వేరుచేశారు. మగ శలభపు స్పర్శశృంగాల మీది రోమాలకు సూక్ష్మరంధ్రాలుంటాయి. వాటిగుండా లోనికి చేరిన వాసన అణువు గ్రాహకాన్ని తాకగానే నాడి మేల్కొని మెదడుకు వార్త పంపుతుంది. నేడు మన పత్తి చేలలోని లింగాకర్షక బుట్టలు శలభాల ఈ స్వభావం ఆధారంగానే పనిచేస్తున్నాయి.

చూచినది చూచినట్లు చెప్పి, తేలనిదానిని ప్రశ్నగానే మిగిల్చిన ఆ ఉపాధ్యాయుని నిజాయితీ విద్యార్థులమైన మనకు ఆదర్శం కావాలి.