రెండు బరువులూ ఒకటేనా?



జీవిత చరిత్ర అంటే మనలో అందరూ గాంధీగారిదో, అల్లూరిదో రాస్తారు. నేను లోరాండ్ ఎత్వెష్ గారిది రాస్తున్నా. మన పాఠాల్లో లేరు గాని, హంగేరీలో పెద్ద యూనివర్సిటీకి ఈయన పేరే పెట్టారు.

నాకీయన మీద ఇష్టం కలగడానికి కారణం ఉంది. నాలుగో తరగతి సెలవుల్లో అవ్వతో సంతకు చింతపండు మోశాను. ఒక షావుకారు కాటాలో ఏడు కిలోలు వచ్చింది. అదే మూట పక్క కాటాలో తొమ్మిది. అవ్వ ఏమీ అనకుండా మొదటాయనకే ఇచ్చేసింది. ఒకే మూటకు రెండు బరువులేంటని నాకు ఒకటే మంట.

ఎత్వెష్ 1848లో బుడాలో పుట్టారు. తండ్రి రచయిత, విద్యామంత్రి. మొదట లా చదువులో చేరారు గాని మనసంతా సైన్సు మీదే. జర్మనీ వెళ్లి కిర్కాఫ్, బున్సెన్‌ల దగ్గర చదివారు (మన ల్యాబ్‌లో బర్నర్ ఉందే, ఆ బున్సెనే). 1870లో డాక్టరేటు వచ్చింది.

ఇక అసలు సంగతి. ఒక వస్తువు ద్రవ్యరాశిని రెండు రకాలుగా తెలుసుకోవచ్చు. భూమి దాన్ని ఎంత లాగుతుందో చూడటం ఒకటి. నెడితే ఎంత మొరాయిస్తుందో చూడటం రెండోది. ఈ రెండూ ఒకటే కావాలని రూలేం లేదు. అయినా ఒకటే అవుతున్నాయి. అందుకే గాలి అడ్డం లేకపోతే రాయీ ఈకా కలిసే పడతాయి. దీన్నే తుల్యతా సూత్రం అంటారు. న్యూటన్ లోలకాలతో వెయ్యిలో ఒక వంతు దాకా సరిచూశారు. ఎత్వెష్‌కు అది చాలలేదు.

సన్నని తీగకు అడ్డంగా ఒక కడ్డీ వేలాడదీసి, రెండు చివర్లా వేరే వేరే పదార్థాలు పెట్టారు. భూమి వాటిని లాగుతుంది. భూమి తిరుగుతోంది కాబట్టి బయటికి విసిరే ధోరణి కూడా ఉంటుంది. లాగడం ఒక రకం ద్రవ్యరాశిని బట్టి, విసరడం రెండో రకాన్ని బట్టి. తేడా ఉంటే కడ్డీ కొంచెమైనా తిరగాలి. మనిషి ఒంటి వేడికే అది కదిలిపోతుంది, అందుకని పొరల పెట్టెలో పెట్టి టెలిస్కోపుతో చూసేవారు. కట్టె, రాగి, నీళ్లు, కొవ్వు... ఏది పెట్టినా తిరగలేదు! 1890లో రెండు కోట్లలో ఒక వంతు దాకా, తర్వాత ఇద్దరు శిష్యులతో కలిసి ఇరవై కోట్లలో ఒక వంతు దాకా తేల్చారు. 1901లో బలాటన్ సరస్సు గడ్డకడితే, ఆ మంచు మీదికే త్రాసు మోసుకెళ్లి గురుత్వం కొలిచారు. కొండలెక్కడమంటే కూడా పిచ్చి.

కొన్నాళ్లు మంత్రిగా చేశారు. 1895లో తండ్రి పేరుతో, టీచర్లు కాబోయే పిల్లలు ఉండి చదువుకునే కాలేజీ పెట్టించారు. మన హాస్టల్ లాంటిదే అన్నమాట. 1919లో చనిపోయారు. ఆ ప్రయోగాల పూర్తి వ్యాసం 1922లో గాని అచ్చు కాలేదు. ఈలోగా ఐన్‌స్టీన్ ఈ సూత్రం మీదే తన గురుత్వ సిద్ధాంతం కట్టి 1915లో పూర్తి చేశారు. 2016లో ఫ్రాన్సు పంపిన ఉపగ్రహంలో ప్లాటినం, టైటానియం పెట్టి చూసినా తేడా దొరకలేదు.

వ్యాపారంలోనూ ఒకే సరుకుకు ఒకే ధర అనే సూత్రం ఉందని లెక్కల సారు చెప్పారు. తేడా ఉంటే అమ్మేవాళ్లు ఎక్కువ వచ్చేచోటికి పోతారు, అలా తేడా పోతుందట. కానీ అవ్వ రెండో కాటా దగ్గరికి పోలేదు. మొదటాయన దగ్గర అప్పుందని నాకు తర్వాత తెలిసింది.

వేసవి సెలవులకు ల్యాబ్‌లోని స్ప్రింగు త్రాసు ఇమ్మని అడిగాను. అది కిలోకు మించి తూగదన్నారు సారు. కిలో చొప్పున తూస్తానన్నాను. ఇంకా ఏమీ చెప్పలేదు.